మేజోట్లో నల్ల గోళీ

మా ఊరు మిర్రబూలో మా ఆయన పేరు ఎత్తితే చాలు, చెరుకు లారీలు తోలేవాళ్ళ దగ్గర్నుంచి చర్చి ఫాదర్ దాకా అందరిదీ ఒకటే మాట: "క్లెమ్ లాంటి నమ్మకస్తుడు ఇంకొకడు పుట్టడు." వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. నమ్మకస్తుడితో కాపురం చేసినదాన్ని నేను. వాళ్ళు చూసేది శనివారం మధ్యాహ్నం ఒక్కటే, మిగతా వారమంతా నాది.

వాళ్ళ తప్పూ లేదులెండి. క్లెమ్ రడ్‌కిన్ పదిహేడో ఏట మా ఊరి రగ్బీ జట్టు ఎర్రచారల చొక్కా తొడిగాడు, వీపు మీద ఆరో నంబరు. జుట్టు పలచబడేదాకా ఆ నంబరును ఇంకొకరి వీపెక్కనివ్వలేదు. బ్రిస్బేన్ వాళ్ళు పిలిస్తే వెళ్ళలేదు. సిడ్నీ నుంచి ఒకాయన తెల్ల కారులో వచ్చి, మా వరండాలో కూర్చుని, నేనిచ్చిన కాఫీ తాగి, రగ్బీ లీగ్‌లో పెద్ద పెద్ద పేర్లన్నీ చదివి ఆశపెట్టాడు. మా ఆయన అంతా విని, "శనివారం మాకిక్కడ ఆట ఉంది" అన్నాడు. ఆ ఒక్క మాటను ఊరు ఇప్పటికీ చప్పరిస్తూనే ఉంది. భుజం ఎముక విరిగినా ఒకసారి ఆఖరి ఈల దాకా మైదానం వదలలేదు. ఆడటం మానేసిన మరుసటి వారమే కోచ్ అయి కూర్చున్నాడు.

ఒకే చోటును పట్టుకు వేలాడే మనిషంటే నాకు మొదటినుంచీ అనుమానమే. అది ప్రేమైనా కావచ్చు, ఇంకో చోటికి వెళితే తనను ఎవరూ గుర్తుపట్టరన్న భయమైనా కావచ్చు. మా ఆయనలో ఏది ఎంతో ఇన్నేళ్ళకూ నాకు తేలలేదు.

ఆడే రోజుల్లో ఆయన పక్కన ఏడో నంబరు ఆల్డో బ్రెస్సన్. అతను ఇటు చూడకుండానే బంతి విసిరేవాడు, ఈయన అటు చూడకుండానే అందుకునేవాడు. ఇద్దరూ మా ఇంటి అల్లుళ్ళే. నన్ను క్లెమ్ చేసుకుంటే మా చెల్లెలు డెల్ఫీనాను ఆల్డో చేసుకున్నాడు. తోడల్లుళ్ళ మధ్య సహజంగా ఉండే వంకర చూపులు వీళ్ళ మధ్య ఎన్నడూ లేవు. మా అమ్మ బతికున్నంత కాలం, "కూతుళ్ళు పోట్లాడుకుంటారు గానీ అల్లుళ్ళు పోట్లాడుకోరే!" అని నవ్వేది.

ఇక ఆ మేజోడు సంగతి చెప్పాలి. మా క్లబ్బు హాల్లో, బీరు పోసే బల్ల పైన, ఒక నల్ల చెక్క బోర్డు ఉంటుంది. క్లబ్బుకు జన్మ ధారపోసినవాళ్ళ పేర్లు దాని మీద బంగారు అక్షరాలతో రాస్తారు. పేరెక్కినవాడికి స్టాండులో మొదటి వరసలో సొంత కుర్చీ, బతికినన్నాళ్ళూ ఉచితంగా బీరు. కానీ అతను మళ్ళీ షెడ్డు గడప తొక్కకూడదు. ఆటగాళ్ళు చొక్కాలు మార్చుకునే, కట్లు కట్టించుకునే, కోచ్ చేత తిట్లు తినే గది అది. వెనకటికి ఎవరో పెద్దాయన బోర్డెక్కాక కూడా షెడ్డులో చేరి కొత్త కోచ్ నెత్తిన కూర్చున్నాడట, అప్పట్నుంచి ఈ కట్టుబాటు. ఇస్తామన్న గౌరవాన్ని వద్దనడానికీ లేదు. వద్దన్నవాడు క్లబ్బు మొహాన ఉమ్మినట్టే. అలా వద్దన్న ఒకాయన, ఊళ్ళో పలకరింపులు కరువై, ఇల్లమ్ముకుని వెళ్ళిపోయాడు.

ఓటు వేసే తీరు ఇంకా విడ్డూరం. సభ్యులందరికీ తలా ఒక తెల్ల గోళీ, ఒక నల్ల గోళీ ఇస్తారు. క్లబ్బు మొదటి కెప్టెన్ తొడిగిన పొడుగాటి మేజోడు చేతులు మారుతూ వస్తుంది. పిడికిలి బిగించి చెయ్యి మోచేతి దాకా అందులో దూర్చి ఒక గోళీ వదలాలి, రెండోదాన్ని గుడ్డ కప్పిన బకెట్లో పడెయ్యాలి. ఉతికితే అదృష్టం పోతుందని ఆ మేజోడును ఈనాటి వరకూ ఎవరూ ఉతకలేదు. ఓటు వేశాక నేను రెండుసార్లు చేతులు కడుక్కుంటాను. ఒక్క నల్లది పడినా పేరు ఎక్కదు. వరసగా మూడేళ్ళు చూస్తారు, మూడోసారి కూడా పడిందా, ఆ పేరు ఇక ఎత్తరు. గౌరవం అందుకోబోయేవాడు కూడా అందరి తర్వాత వెయ్యాల్సిందే. తనకు తాను తెల్లది వేసుకుని నలుగురితో పాటు నవ్వడం మర్యాద.

మా ఆయన పేరు మొదటిసారి ఓటుకు పెట్టిన ఏడాది, సెమీఫైనల్ జట్టులోంచి ఆల్డో కొడుకు రెంజోను మా ఆయన తీసేశాడు. "కాలు బెణికింది, దాస్తున్నాడు" అన్నాడు. "కాలు బాగానే ఉంది, బావకే కళ్ళు సరిగ్గా లేవు" అంది డెల్ఫీనా. జట్టు ఓడింది. ఆ తర్వాత జరిగిన సభలో మేజోడును బోర్లిస్తే, తెల్ల గోళీల మధ్యలోంచి నల్లది ఒకటి దొర్లుకుంటూ వచ్చి బల్ల అంచున ఆగింది.

అందరి తలలూ ఆల్డో వైపు తిరిగాయి.

"నన్నెందుకు చూస్తున్నారు?" అన్నాడు ఆల్డో.

"ఎవరు చూశారయ్యా నిన్ను?" అన్నాడు ప్రెసిడెంట్ నోయెల్ హోరిగన్, చూస్తూనే.

రెండో ఏడాదీ నల్లది పడింది. ఈసారి చూపులతో సరిపెట్టలేదు. మా దగ్గర ఊరందరికీ కలిపి ఒకటే చెరుకు కోత యంత్రం, వంతులవారీగా పొలాలకు వెళ్తుంది. ఆల్డో వంతును అందరికన్నా వెనక్కి నెట్టారు. వానలు పడ్డాక అతని చెరుకు కోశారు, తీపి సగం పోయింది. బీరు బల్ల దగ్గర అతను వచ్చి నిలబడితే అటూ ఇటూ ఉన్నవాళ్ళకు ఇంటి పనులు గుర్తొచ్చేవి. రెంజో ఆ మాటలు పడలేక పక్క ఊరి జట్టులోకి పోయాడు. డెల్ఫీనాకూ నాకూ మా గుమ్మంలోనే పెద్ద గొడవైంది.

"నీ మొగుడి బంగారం ఎవడిక్కావాలే! మా ఆయన వెనక నుంచి పొడిచే రకం కాదు" అంది.

"మరి ఎవరు వేశారే? గోళీకి కాళ్ళొచ్చి అదే నడిచి వెళ్ళిందా?" అన్నాను.

"అడుగు, మీ ఊళ్ళో వాళ్ళనే అడుగు. నా గడప మాత్రం తొక్కకు" అని వెళ్ళిపోయింది. మీ ఊరట! ఇద్దరం ఒకే మంచం మీద పుట్టాం.

ఆ రెండో ఓటు నాడు ఇంటికొచ్చాక జరిగిన చిన్న సంగతి నన్ను పట్టుకుంది. మా ఆయన ఆట ఓడితే అన్నం ముట్టడు. శనివారం ఓడితే సోమవారం దాకా టీ తాగి బతుకుతాడు. పెళ్ళయిన కొత్తలో బతిమాలేదాన్ని, తర్వాత ఓడిన రోజు వంటే మానేశాను. అలాంటి మనిషి, ఊరి ముందు రెండోసారి పరువు పోయిన రోజున, ఇంటికొచ్చి లజానియా రెండు పళ్ళేలు లాగించి, "ఇంకేమైనా ఉందా?" అన్నాడు.

గరిటె పట్టుకుని ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. మొదటి ఏడాది కూడా గుర్తొచ్చింది. ఆ రోజూ ఇలాగే తిన్నాడు. నేను కోపంతో ఆల్డోను తిట్టుకుంటూ గమనించలేదు.

అప్పట్నుంచి మొగుణ్ణి దొంగను కాపలా కాసినట్టు కాశాను. దారిలో ఆల్డో ఎదురైతే ఈయన రోడ్డు దాటి అవతలికి వెళ్ళేవాడు. పొడిచినవాడు తప్పుకోవాలి గానీ, పొడిపించుకున్నవాడు తప్పుకోవడం ఏమిటి? "పాపం, గొడవ ఇష్టం లేక క్లెమ్ తప్పుకుంటున్నాడు" అని ఊరు దానికీ మెచ్చుకుంది. ఆల్డో కోత వంతు వెనక్కి నెట్టినప్పుడు ఈయన ఒక్క మాట అడ్డం వేస్తే సరిపోయేది. వెయ్యలేదు.

ఒక శుక్రవారం మర్నాటి ఆటకు కోసిన నారింజ పళ్ళ డబ్బా ఇవ్వడానికి షెడ్డుకు వెళ్ళాను. ఒక్కడే ఉన్నాడు. నేల తుడిచి, చొక్కాలన్నీ నంబరు వరసలో మేకులకు తగిలించి, బల్ల మీద కూర్చుని కట్టుగుడ్డలు చుడుతున్నాడు. నొప్పుల నూనె వాసన గుప్పుమంటోంది. ఏదో కూనిరాగం తీస్తున్నాడు. మా ఇంట్లో ఈ మనిషి ఏనాడూ కూనిరాగం తియ్యలేదు. నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చినంత పనైంది, ఆ వెంటనే కోపమొచ్చింది.

"క్లెమ్, ఆ నల్ల గోళీ నువ్వే వేసుకున్నావా?"

"ఏ గోళీ?"

"నా దగ్గర వేషాలెయ్యకు."

"నీకేమైనా పిచ్చి పట్టిందా నీవెస్? ఎవడైనా తన పేరు మీద తనే నల్లది వేసుకుంటాడా?"

"ఎవడి సంగతో నాకెందుకు? నిన్ను అడుగుతున్నా."

కట్టుగుడ్డ చుట్టడం ఆపలేదు. తలెత్తలేదు. "ఆ హోరిగన్ గాడికి నా మీద ప్రేమ పొంగిపోతోందనుకుంటున్నావా? రెండేళ్ళుగా కప్పు లేదు. కొత్త కోచ్ కావాలి. నన్ను పొమ్మంటే ఊరు వాడి మీద పడుతుంది. అందుకని బంగారు అక్షరాలతో గెంటుతున్నాడు."

"నేనడిగింది హోరిగన్ గురించి కాదు. పోయి ఆల్డోతో మాట్లాడు."

"మాట్లాడి ఏం చెప్పను?"

తప్పు లేనివాడైతే, నేనెందుకు మాట్లాడాలి అని నా మీద ఎగిరేవాడు. ఏం చెప్పను అన్నాడంటే చెప్పడానికి ఏదో ఉందన్నమాట. నారింజల డబ్బా బల్ల మీద పెట్టి వచ్చేశాను. చూపించడానికి నా చేతిలో ఏముంది? నమ్మకస్తుడు రెండు పళ్ళేలు తిన్నాడని ఊళ్ళో చెబితే నన్నే చూసి నవ్వుతారు.

మూడో ఏడాది సభకు హాలు నిండిపోయింది. ఇదే ఆఖరి ఓటని అందరికీ తెలుసు. ఈసారి నల్లది పడకపోతే మా ఆయన షెడ్డు పోతుంది, పడితే ఆల్డో ఊళ్ళో తలెత్తుకోలేడు. ఆల్డో, డెల్ఫీనా గోడ పక్కన కూర్చున్నారు, వాళ్ళ చుట్టూ కుర్చీలు ఖాళీ. మా ఆయన ఇస్త్రీ చొక్కాలో చివరి కుర్చీలో కూర్చున్నాడు, ఆయన పక్కన నేను.

మేజోడు తిరుగుతూ ఆల్డో దగ్గరికి వచ్చింది. అతను లేచి నిలబడ్డాడు. చొక్కా చెయ్యి మడిచి, అరచెయ్యి అందరికీ కనబడేలా చాపాడు. అందులో తెల్ల గోళీ.

"ఆల్డో, ఇది పద్ధతి కాదు" అన్నాడు హోరిగన్. "ఓటు రహస్యం."

"రెండేళ్ళుగా ఆ రహస్యాన్ని నా ఒక్కడి నెత్తినే పెట్టారు కదయ్యా! ఇప్పుడు చూడండి. కళ్ళు పెద్దవి చేసుకుని చూడండి." తెల్లదాన్ని మేజోట్లో జారవిడిచి, రెండో చెయ్యి తెరిచి నల్లదాన్ని చూపించి బకెట్లో పడేశాడు. "అయింది. ఇక మీ చేతులు మీరు చూసుకోండి."

అతని తర్వాతివాడికి ఏం చెయ్యాలో తోచలేదు. మూసిన పిడికిలి దూరిస్తే అనుమానం తన మీదికొస్తుంది. అతనూ అరచెయ్యి తెరిచాడు. తర్వాతి ఆమె కూడా తెరిచింది. ముందే వేసేసినవాళ్ళు, "నాదీ తెల్లదే, ఒట్టు!" అని అరుస్తున్నారు. హోరిగన్ బల్ల మీద చేత్తో కొడుతున్నాడు, వినేవాడు లేడు. వరస వెంట ఒక్కొక్క అరచెయ్యే తెరుచుకుంటూ మా వైపు వస్తోంది. మా ఆయన మోకాలు ఆడించడం మొదలుపెట్టడం నాకు తెలుస్తూనే ఉంది.

మేజోడు నా ఒళ్ళో పడింది. ఏం చెయ్యాలో అప్పటిదాకా అనుకోలేదు. చెయ్యి తెరిచాను. నల్ల గోళీ.

"అయ్యో, ఈవిడా!" అంది ఎవరో. డెల్ఫీనా లేచి నిలబడింది.

నేను ఎవరినీ చూడలేదు, మా ఆయన్నే చూశాను. ఆ చెయ్యి అలాగే మేజోటి మూతి మీద పట్టుకుని ఆగాను. ఒక్క మాట అంటే చాలు. "వద్దు నీవెస్" అంటే చాలు, లేదా నా మణికట్టు పట్టుకుంటే చాలు. ఆయన నా అరచెయ్యి చూశాడు, నా మొహం చూశాడు. మోకాలు ఆడటం ఆగిపోయింది. భుజాలు కిందికి దిగాయి. అది బాధ కాదు. గెలిచిన ఆటలో ఆఖరి ఈల విన్నప్పుడు ఆయన అలాగే భుజాలు దించుతాడు. ఆల్డో చేత రెండేళ్ళు మోయించిన బరువును ఇప్పుడు నా నెత్తిన పెట్టి, నోరు మెదపకుండా కూర్చున్నాడు.

నాలో ఏదో చల్లబడిపోయింది. నల్లదాన్ని తీసుకెళ్ళి బకెట్లో వేశాను. రెండో చెయ్యి తెరిచి తెల్లదాన్ని మేజోట్లో వదిలాను.

"చెయ్యి మారిపోయింది, అంతే" అన్నాను హాలుతో. మేజోడు ఆయన ఒళ్ళో పెట్టి, "ఇక నీ వంతు" అన్నాను.

అందరూ ఆయన చేతికేసి చూస్తున్నారు. ఆరో నంబరు చొక్కాతో ఎంతమంది మీద పడినా బెదరని మనిషి, ఆ పాత మేజోడు ముందు బిగుసుకుపోయాడు. చాలాసేపటికి చెయ్యి తెరిచాడు. తెల్లది. అది లోపల పడిన చప్పుడు నాకు వినపడింది.

బోర్లించారు. అన్నీ తెల్లవే. హాలు విరిగిపడినట్టు చప్పట్లు, ఈలలు. మా ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే, సంతోషం పట్టలేకపోతున్నాడని ఇంకా గట్టిగా కొట్టారు. ముసలి ఆర్చీ లియోన్ బీరు గ్లాసు ఎత్తి, గోడ పక్కకు కేకేశాడు: "ఏం ఆల్డో! నలుగురూ చూస్తుంటే దారికొచ్చావు గదరా! మూసి వేసినప్పుడు నల్లదీ, తెరిచి వేస్తే తెల్లదీనా?"

నవ్వులు లేచాయి. ఆల్డో మొహం పాలిపోయింది. అరచెయ్యి తెరిచి చూపించినా అతనికి ఒరిగిందేమీ లేదు. డెల్ఫీనా అతని చెయ్యి పట్టుకుని తలుపు వైపు లాగుతోంది.

"ఆగు ఆర్చీ" అన్నాడు మా ఆయన.

లేచి నిలబడ్డాడు. గొంతు షెడ్డులో కుర్రాళ్ళతో మాట్లాడే గొంతు కాదు. "ఆ రెండు నల్లవీ నావే. నేనే వేసుకున్నా. రెండేళ్ళూ."

నవ్వుతున్నవాళ్ళు ఆ నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే ఉండిపోయారు. "క్లెమ్, ఏం మాట్లాడుతున్నావయ్యా?" అన్నాడు హోరిగన్.

"నీకు తెలియదా నోయెల్? నన్ను షెడ్డులోంచి పంపడానికే కదూ ఈ బోర్డు?" హోరిగన్ కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క అనుమానంలో మా ఆయన పొరబడలేదు.

ఆల్డో తలుపు దగ్గర్నుంచి వెనక్కి వచ్చాడు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. మామూలుగా అడిగాడు.

"నా చెరుకు వానలో నానింది. నా కొడుకు ఊరు వదిలాడు. అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవు. నువ్వు చూస్తూనే ఉన్నావు. ఒక గది కోసమా క్లెమ్?"

మా ఆయన సాకులు వెతకలేదు. అది మాత్రం ఒప్పుకోవాలి. "ఆ గది కోసమే" అన్నాడు. "దాని బయట నేనేం చెయ్యాలో నాకు తెలీదు."

ఆల్డో తల ఊపాడు. ఏళ్ళ తరబడి చూడకుండానే బంతి అందించిన మనిషి, ఇప్పుడు ఆయన్ని బాగా పరకాయించి చూశాడు. తర్వాత వెనుదిరిగి వెళ్ళిపోయాడు. జనం దారి ఇచ్చారు. ఒకరిద్దరు అతని భుజం తట్టబోయారు, అతను ఆగలేదు.

కట్టుబాటు ప్రకారం ఒకసారి గెలిచిన పేరును తీసెయ్యడానికి లేదు. బోర్డు మీద పేర్లు రాసే మనిషి రంగు డబ్బాతో నిచ్చెన వేసి, ఎవరి మొహమూ చూడకుండా, మా ఆయన పేరు మొదటి అక్షరం మొదలుపెట్టాడు. ఆయన ఆ నిచ్చెన కింద నిలబడి ఉన్నాడు. చుట్టూ అంతమంది ఉన్నారు గానీ ఒక్కరూ దగ్గరికి రాలేదు.

డెల్ఫీనా నా ముందుకొచ్చి నిలబడింది. మనిషి చిక్కింది, చెవుల దగ్గర నెరిసింది. రెండేళ్ళలో ఇంత దగ్గర్నుంచి నేను దాన్ని చూడలేదు.

"ఆ నల్లదాన్ని పట్టుకుని ఎందుకాగావే?" అంది.

"ఆపుతాడేమోనని."

దాని కళ్ళు నిండాయి. నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. "రేపు ఇంటికి రా అక్కా" అంది. తర్వాత నిచ్చెన వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "ఒక్కదానివే రా."

సరేనన్నాను.